ఆ సంఖ్య జట్టుదా, వేళదా? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ టీవీ లెక్కల వెనుక కథ

2023 సెప్టెంబర్ 16, శనివారం రాత్రి. అమెరికాలోని బోల్డర్ పట్టణంలో కొలరాడో విశ్వవిద్యాలయం జట్టు, పొరుగు విశ్వవిద్యాలయమైన కొలరాడో స్టేట్ జట్టుతో తలపడింది. ఇది మనకు తెలిసిన కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఎదుటి జట్టు గీత దాటించే అమెరికన్ ఆట. ఆట మొదలయ్యేసరికి న్యూయార్క్‌లో రాత్రి పది దాటింది. ఆఖరి నిమిషాల్లో కొలరాడో జట్టు 98 గజాలు ముందుకు సాగి స్కోరు సమం చేయడం, ఆట రెండు అదనపు విడతలకు వెళ్లడం, చివరికి 43–35తో ఆతిథ్య జట్టు గట్టెక్కడం జరిగేసరికి తూర్పు తీరంలో తెల్లవారుజాము రెండు దాటిపోయింది. గెలిచిన ఆ జట్టు అంతకు ముందు ఏడాది ఆడిన 12 ఆటల్లో నెగ్గింది ఒక్కటే. ఓడిన జట్టుకు దేశంలోని తొలి 25 ర్యాంకుల్లో చోటే లేదు. అయినా ఈఎస్‌పీఎన్‌లో ఆ ఆటను సగటున 93 లక్షల మంది చూశారు. అంత పొద్దుపోయాక ఆ ఛానల్ చూపిన కాలేజీ ఫుట్‌బాల్ ఆటల్లో అప్పటివరకు దేనికీ అంతమంది రాలేదు.

కాలేజీ ఫుట్‌బాల్‌ను టీవీలో ఎవరు ఎందుకు చూస్తారన్న ప్రశ్నకు ఛానళ్ల వాళ్లు చెప్పే మామూలు జవాబులు మూడున్నాయి: పేరున్న జట్లు ఆడాలి, మంచి వేళలో ఆడాలి, ఆ ఆట మీద ఏదో ఒకటి ఆధారపడి ఉండాలి. ఆ రాత్రి ఆట ఈ మూడింటిలో దేనికీ సరిగా లొంగదు. కాబట్టి ఆ జవాబులు తప్పని కాదు. అవి ఒకదానిలో ఒకటి ఎంతగా చిక్కుకుని ఉన్నాయంటే, విడదీసి చూస్తే తప్ప ఏది ఎంత పనిచేస్తోందో తెలియదు. మన సినిమా వ్యాపారంలోనూ ఈ చిక్కు పాతదే. సంక్రాంతికి వచ్చిన సినిమా బాగా ఆడితే, ఆ వసూళ్లలో సినిమా బలమెంత, పండగ బలమెంత అని పంపిణీదారులు లెక్కలు వేసుకుంటూనే ఉంటారు. పండగ తేదీ దొరికేది పెద్ద హీరో సినిమాలకే కాబట్టి ఆ లెక్క ఎప్పటికీ పూర్తిగా తేలదు. కాలేజీ ఫుట్‌బాల్‌లోనూ అంతే: వీక్షకుల సంఖ్య జట్టు సంపాదించుకున్నదా, ఛానల్ ఇచ్చిన వేళ తెచ్చిపెట్టినదా అన్నదే అసలు ప్రశ్న. వేల కోట్ల రూపాయల ఒప్పందాలు ఈ సంఖ్యల మీదే నడుస్తున్నందువల్ల, విశ్వవిద్యాలయాల తలరాతలు వీటివల్లే మారుతున్నందువల్ల, ఈ చిక్కు విప్పడానికి చేసే శ్రమ వృథా కాదు.

ముందుగా ఆ సంఖ్య అంటే ఏమిటో చూడాలి. 93 లక్షలంటే ఆ రాత్రి ఆటను ఎప్పుడో ఒకప్పుడు చూసిన వాళ్లందరి లెక్క కాదు. ప్రసారం సాగినంతసేపూ ఒక్కో నిమిషంలో సగటున ఎంతమంది చూస్తున్నారన్న లెక్క. మూడున్నర గంటల ఆటలో మొదటి గంట కోటిన్నర మంది చూసి, స్కోరు ఏకపక్షమయ్యాక సగం మంది లేచిపోతే, సగటు పడిపోతుంది. అందుకే హోరాహోరీ ఆటకు వచ్చే సంఖ్యలో కొత్తగా వచ్చిన వాళ్లకన్నా, వెళ్లిపోకుండా ఉండిపోయిన వాళ్ల పాలే ఎక్కువ. 2018 జనవరిలో అలబామా, జార్జియా జట్ల మధ్య జాతీయ టైటిల్ పోరు అదనపు సమయంలో 26–23తో తేలితే 2.84 కోట్ల మంది చూశారు. 2023 జనవరిలో అదే జార్జియా, టెక్సస్ క్రిస్టియన్ జట్టును 65–7తో చిత్తు చేస్తే చూసింది 1.72 కోట్లే. రెండూ టైటిల్ పోరులే, రెండూ సోమవారం రాత్రులే. ఓడిన జట్టు పేరు చిన్నదన్నది ఒక కారణం, విరామానికి ముందే ఆట ముగిసిపోయిందన్నది మరో కారణం. వీటిలో దేని వాటా ఎంతో ఈ ఒక్క ఆటను చూసి చెప్పలేం.

కొలిచే పద్ధతి కూడా మారుతూ వస్తోంది. టీవీ వీక్షకులను లెక్కగట్టే నీల్సన్ సంస్థ చాలాకాలం ఇళ్లలోని టీవీలనే లెక్కించేది. బార్లలో, హోటళ్లలో, బంధువుల ఇళ్లలో చూసేవాళ్లను 2020 నుంచి జాతీయ లెక్కలో కలిపింది, 2025 ఫిబ్రవరిలో ఆ కొలతను దాదాపు దేశమంతటికీ విస్తరించింది. 2025 సెప్టెంబర్ నుంచి నమూనా కుటుంబాలతోపాటు సుమారు 4.5 కోట్ల ఇళ్ల సెట్‌టాప్ పెట్టెలు, స్మార్ట్ టీవీల సమాచారాన్ని కూడా జోడిస్తోంది. పదిమంది ఒకచోట చేరి చూసే ఆటలకు ఈ మార్పులు బాగా కలిసివచ్చాయి. కాబట్టి ఈ ఏడాది రికార్డు అని ఎవరైనా ప్రకటిస్తే, ఆ పెరుగుదలలో కొంత కొత్త కొలబద్దది కావచ్చునని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక వేళ సంగతి. అమెరికాలో శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్‌ది, శనివారం కాలేజీది, ఆదివారం వృత్తి క్రీడాకారుల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌ది. ఇది సంప్రదాయంగా వచ్చిన పంపకమని చాలామంది అనుకుంటారు గాని, దాని వెనుక చట్టం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లన్నీ కలిసి ప్రసార హక్కులను ఒకే మూటగా అమ్ముకునేందుకు వీలు కల్పించిన 1961 నాటి క్రీడా ప్రసారాల చట్టం, అందుకు ప్రతిగా ఒక షరతు పెట్టింది: సెప్టెంబర్ రెండో శుక్రవారం నుంచి డిసెంబర్ రెండో శనివారం వరకు శుక్రవారం సాయంత్రాలు, శనివారాలు హైస్కూల్, కాలేజీ ఆటలకు పోటీగా ప్రసారాలు చేస్తే ఆ రక్షణ వర్తించదు. కాలేజీ ఫుట్‌బాల్ అరవై ఏళ్లుగా ఈ గొడుగు నీడనే పెరిగింది.

గొడుగు తీస్తే ఏమవుతుందో 2024 డిసెంబర్ 21న తెలిసింది. సీజన్ చివర జాతీయ టైటిల్‌ను తేల్చే ప్లేఆఫ్‌ను నాలుగు జట్ల నుంచి పన్నెండుకు పెంచిన తొలి ఏడాది అది. చట్టం గడువు దాటిన ఆ శనివారం పగలు ఎన్‌ఎఫ్‌ఎల్ రెండు ఆటలు పెట్టింది. వాటికి ఎదురుగా టీఎన్‌టీ ఛానల్‌లో వచ్చిన పెన్ స్టేట్, ఎస్‌ఎంయూ ఆటను 64 లక్షల మంది, టెక్సస్, క్లెమ్సన్ ఆటను 86 లక్షల మంది చూశారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలు ఒక్కొక్కటీ కోటిన్నర దాటాయి. అదే రోజు రాత్రి, ఎన్‌ఎఫ్‌ఎల్ పోటీ లేని వేళలో, ఏబీసీ, ఈఎస్‌పీఎన్‌లలో వచ్చిన ఒహాయో స్టేట్, టెనెసీ ఆట 42–17తో ఏకపక్షంగా ముగిసినా 1.43 కోట్ల మందిని తెచ్చుకుంది. ఒహాయో స్టేట్ పేరు పెద్దదే, కాదనలేం. కాని టెక్సస్ పేరు కూడా చిన్నదేం కాదు. ఆ తేడాలో ఎక్కువ భాగం పోటీదీ ఛానల్‌దేనన్నది నా అంచనా.

అంతకు ముందే దొరికిన పాఠం ఇంకొకటి ఉంది. 2015 జనవరి 1న, సెలవు రోజున జరిగిన తొలి ప్లేఆఫ్ సెమీఫైనల్స్ రెండింటినీ ఒక్కోదాన్ని 2.8 కోట్లకు పైగా చూశారు. నిర్వాహకులు మరుసటి సీజన్‌లో వాటిని డిసెంబర్ 31 సాయంత్రానికి మార్చి, కొత్త సంవత్సరం ముందటి రాత్రికి కొత్త అలవాటు నేర్పుతామనుకున్నారు. ఆ సాయంత్రం జనం కొందరు ఇంకా ఆఫీసుల్లో ఉన్నారు, కొందరు విందులకు బయలుదేరారు. వీక్షకులు 1.56 కోట్లకు, 1.86 కోట్లకు పడిపోయారు. న్యాయంగా చెప్పాలంటే ఆ రెండు ఆటలూ ఏకపక్షంగానే సాగాయి. ఒకదానిలో మిషిగన్ స్టేట్ ఒక్క పాయింటు కూడా చేయకుండా 38–0తో ఓడింది. అయినా ఆ తర్వాత నిర్వాహకులు ఆ తేదీ పట్టుదలను చాలావరకు సడలించుకున్నారు. ఆట ఎంత గొప్పదైనా, జనం జీవితంలో దానికంటూ ముందే ఏర్పడిన చోటు ఉండాలి.

అలాంటి చోటును కొందరు ఓపికగా తయారుచేశారు కూడా. సీబీఎస్ రెండు దశాబ్దాలకు పైగా శనివారం మధ్యాహ్నం మూడున్నరకు దక్షిణాది విశ్వవిద్యాలయాల కూటమి అయిన ఎస్‌ఈసీలో ఆ వారపు మేలైన ఆటను చూపింది. ఎవరు ఆడుతున్నారో తెలియకపోయినా ఆ వేళకు ఆ ఛానల్ పెట్టేవాళ్లు తయారయ్యారు. ఫాక్స్ మరో దారి పట్టింది. రాత్రివేళ పోటీ ఎక్కువని గ్రహించి, 2019 నుంచి తన మంచి ఆటను మధ్యాహ్నం పన్నెండుకు తెచ్చింది. లాస్ ఏంజిలిస్‌లో అప్పటికి ఉదయం తొమ్మిదే. కాని అమెరికా జనాభాలో నాలుగింట మూడొంతుల మంది తూర్పు, మధ్య కాలమండలాల్లోనే ఉంటారు కాబట్టి పడమటివాళ్ల అసౌకర్యం ఆ లెక్కలో పెద్దగా కనిపించలేదు. ఈ మాట చివర్లో మళ్లీ వస్తుంది.

పేరు సంగతికి వస్తే, నవంబర్ చివరి వారంలో కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ ప్రాంగణంలో ఒకసారి నడిచి చూడాలి. భవనాల పేర్ల మీద, దారి చూపే బోర్డుల మీద ఎక్కడ ఇంగ్లిష్ అక్షరం ‘ఎం’ కనిపించినా దాని మీద ఎర్ర టేపుతో అడ్డంగా కొట్టేసి ఉంటుంది. అది మిషిగన్ మొదటి అక్షరం. ఆ శనివారం ఆట ఆ జట్టుతోనే. ఆ టేపు అంటించే వయసులో అక్కడ గడిపినవాళ్లు తర్వాత ఎక్కడ స్థిరపడినా ఆ రోజు టీవీ ముందు కూర్చుంటారు. ఒహాయో స్టేట్ పూర్వ విద్యార్థులే 6 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లలో చదువుకోసం వచ్చి ఆ ఎర్ర రంగుకు అలవాటుపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం, దాని చుట్టూ అల్లుకున్న రాష్ట్రం, తరతరాల కుటుంబాలు: జట్టు పేరు అని ఛానళ్లు విలువ కట్టేది వీటికే.

అయితే అదే జట్ల మధ్య, అదే వేళలో, అదే ఛానల్‌లో కూడా సంఖ్య మారుతుంది. 2023లో ఒహాయో స్టేట్, మిషిగన్ రెండూ ఓటమి ఎరుగకుండా తలపడ్డాయి. ఓడినవాళ్లకు టైటిల్ ఆశ దాదాపు పోయినట్టే. 1.9 కోట్ల మంది చూశారు. 2024లో మిషిగన్ అప్పటికే ఐదు ఆటలు ఓడి వచ్చింది. ప్లేఆఫ్‌లో పన్నెండు చోట్లు ఉన్నందువల్ల ఒహాయో స్టేట్‌కు ఓడినా దారి మూసుకుపోదు. మిషిగన్ 13–10తో సంచలనం సృష్టించినా వీక్షకులు 1.23 కోట్ల దగ్గరే ఆగారు. ఓడిన ఒహాయో స్టేట్ ఆ సీజన్ టైటిలే గెలుచుకుంది. జట్లు, వేళ, ఛానల్ మారకుండా ఫలితం మీద ఆధారపడిన విషయం మాత్రమే మారిన ఇలాంటి సందర్భాలు అరుదుగా దొరుకుతాయి. అందుకే ఈ జంటను నేను ఎక్కువగా నమ్ముతాను: ఇంత పెద్ద పేర్లున్న ఆటకు కూడా, పందెం తగ్గితే మూడో వంతు జనం రారు. 2025లో రెండు జట్లూ మళ్లీ బలంగా వచ్చినప్పుడు సంఖ్య 1.84 కోట్లకు చేరింది, కొత్త కొలబద్ద సాయం కొంత ఉన్నా.

ఇంతకీ ఈ జట్లకే మంచి వేళ దొరకాలన్న నియమం ఎప్పుడు వచ్చింది? 1984 దాకా కాలేజీ క్రీడల సంస్థ అయిన ఎన్‌సీఏఏ టీవీ ఆటలన్నింటినీ తన చేతిలోనే ఉంచుకుంది. చివరి ప్రణాళిక ప్రకారం ఏ జట్టూ రెండేళ్లలో ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదు, అందులో జాతీయ ప్రసారాలు నాలుగుకు మించకూడదు. 1981లో ఒక శనివారం ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా ఆటను ఏబీసీ రెండు వందలకు పైగా స్టేషన్లలో చూపింది. అదే రోజు సిటడెల్, అప్పలాచియన్ స్టేట్ ఆట నాలుగు స్టేషన్లలో వచ్చింది. నాలుగు జట్లకూ ముట్టిన డబ్బు ఒక్కటే. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. సుప్రీంకోర్టు 7–2తో ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయం తరఫున దేశంలోనే పేరుమోసిన ఆటగాడు. ఆ తీర్పుతో టీవీలో ఆటలు వెల్లువెత్తాయి, ప్రేక్షకుడికి మేలే జరిగింది. కాని ఎవరు కనిపించాలో నిర్ణయించే అధికారం ఒక సంస్థ నుంచి ఛానళ్లకు, పెద్ద కూటములకు మారింది. నోటర్ డామ్ ఒంటరిగానే ఎన్‌బీసీతో ఒప్పందం చేసుకుని 1991 నుంచి తన సొంత మైదానంలోని ఆటలను దేశమంతటా చూపించుకుంటోంది. మధ్య పడమటి ప్రాంతపు కూటమి బిగ్ టెన్ 2023 నుంచి ఏడేళ్లకు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది.

చూసే సంఖ్య వేరు, చూడగలిగే ఇళ్ల సంఖ్య వేరు అన్న తేడా కూడా ఇక్కడ ముఖ్యం. కేబుల్ రాజ్యమేలిన రోజుల్లో ఒక ఛానల్‌కు చూసినా చూడకపోయినా ప్రతి ఇంటి నుంచీ నెలనెలా డబ్బు వచ్చేది. న్యూజెర్సీలోని రట్గర్స్, వాషింగ్టన్ పక్కనున్న మేరీల్యాండ్ జట్లను బిగ్ టెన్ 2014లో చేర్చుకున్నప్పుడు దాని కళ్లు అక్కడి అభిమానులకన్నా అక్కడి కేబుల్ ఇళ్ల మీదే ఉన్నాయి. ఇప్పుడు జనం కేబుల్ తీసేస్తున్నకొద్దీ ఇళ్ల లెక్క విలువ తగ్గి, నిజంగా చూసేవాళ్ల లెక్క విలువ పెరిగింది. ఛానల్ ఇంటికి చేరే దారి తెగితే ఏమవుతుందో 2025 నవంబర్‌లో కనిపించింది: ఈఎస్‌పీఎన్, ఏబీసీల యజమాని డిస్నీకి, ఇంటర్నెట్ ద్వారా టీవీ ఛానళ్లు అందించే యూట్యూబ్ టీవీకి ధర కుదరక రెండు వారాలపాటు, అంటే రెండు శనివారాలు, ఆ సేవ చందాదారులకు ఈఎస్‌పీఎన్, ఏబీసీలు రాలేదు. ఆట మారలేదు, అభిమానం మారలేదు, ఛానల్ మాత్రం లేదు.

ఇప్పుడు బోల్డర్‌కు తిరిగి వెళితే ఆ రాత్రి కొంత అర్థమవుతుంది. ఆ ఏడాదే కొలరాడోకు కోచ్‌గా వచ్చిన డియాన్ శాండర్స్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండింటిలోనూ అత్యున్నత స్థాయిలో ఆడిన తార. జట్టులో చాలామందిని మార్చేశాడు, కొడుకును జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టుకున్నాడు, మొదటి రెండు ఆటలూ గెలిచాడు. ఎదుటి కోచ్ ఆయన టోపీ, నల్లకళ్లద్దాల మీద చేసిన వ్యాఖ్య వారమంతా వార్త అయింది. ఆ శనివారం పొద్దున ఈఎస్‌పీఎన్, ఫాక్స్ రెండూ తమ ముందస్తు కార్యక్రమాలను బోల్డర్ నుంచే నడిపాయి. అంటే జట్టుకు లేని పేరును ఒక మనిషి తెచ్చాడు, ర్యాంకు ఇవ్వలేని పందేన్ని ఒక గొడవ తెచ్చింది, పగలంతా ఛానళ్లు ఊదిన బాకా రాత్రి పదింటి వేళ లోటును పూడ్చింది, హోరాహోరీ ముగింపు వచ్చినవాళ్లను కదలనివ్వలేదు. మరుసటి వారం అదే జట్టు ఓరెగన్ చేతిలో 42–6తో ఓడినా కోటి మంది చూశారు. అప్పటికి అది వేళ బలం కాదు, ముమ్మాటికీ మనిషి బలమే. ఆ జట్టు సీజన్‌ను 4 గెలుపులు, 8 ఓటములతో ముగించింది.

కాని అలాంటి మనిషి అందరికీ దొరకడు. కొలరాడో ఆ ఏడాది ఉన్న పడమటి తీరపు కూటమి పాక్-12 కథ చూస్తే ఇది స్పష్టమవుతుంది. పసిఫిక్ తీరంలో సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే ఆట తూర్పున రాత్రి పదిన్నర ఆట. జాతీయ ఛానళ్లు ఆ చివరి వేళను నింపుకోవడానికి పడమటి జట్లను వాడుకున్నాయి. మిగిలిన ఆటలు కూటమి 2012లో స్వయంగా పెట్టుకున్న ఛానళ్లకు వెళ్లాయి. పెద్ద ఉపగ్రహ సేవ డైరెక్ట్‌టీవీలో అవి చివరిదాకా రానే లేదు. సగం దేశం నిద్రపోయాక, లేదా చాలా ఇళ్లలో లేని ఛానల్‌లో ఆడిన ఆటలకు వచ్చిన సంఖ్యలను చూపి ఈ జట్లకు గిరాకీ లేదని తేల్చారు. వేళ వల్ల తగ్గిన సంఖ్య జట్టు బలహీనతగా నమోదైంది; ఆ బలహీనత తర్వాతి ఒప్పందంలో తక్కువ ధరగా తిరిగి వచ్చింది. లాస్ ఏంజిలిస్ జట్లు రెండూ 2022లో బిగ్ టెన్‌కు వెళతామని ప్రకటించాయి. 2023 జులై, సెప్టెంబర్ నెలల మధ్య మరో ఎనిమిది కూడా వేర్వేరు కూటములకు దారి పట్టాయి. చివరికి మిగిలినవి రెండు: కోర్వాలిస్‌లోని ఓరెగన్ స్టేట్, పుల్‌మన్ అనే చిన్న ఊళ్లోని వాషింగ్టన్ స్టేట్.

ఆ వాషింగ్టన్ స్టేట్‌కు అభిమానులు లేరని చెప్పడం నాకు బాధగా ఉంటుంది. ఈఎస్‌పీఎన్ ప్రతి శనివారం ఉదయం ఏదో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి నడిపే కాలేజ్ గేమ్‌డే కార్యక్రమంలో, వ్యాఖ్యాతల వెనుక గుంపులో, ముదురు ఎరుపు రంగు జెండా ఒకటి ఊగుతూ కనిపిస్తుంది. 2003 అక్టోబర్ నుంచి ఏ ఊరి నుంచి ప్రసారం జరిగినా అది అక్కడ ఉంటూనే ఉంది. వాషింగ్టన్ స్టేట్ అభిమానులు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ, తమ జట్టుకు ఏ సంబంధమూ లేని ఊళ్లలో తెల్లవారకముందే వెళ్లి నిలబడి దాన్ని ఊపుతారు. ఆ కార్యక్రమం పుల్‌మన్‌కు రావడానికి పదిహేనేళ్లు పట్టింది. 2018 అక్టోబర్ 20న వచ్చింది. ఆ సీజన్‌లో జట్టు పదకొండు ఆటలు గెలిచింది. ఆ తర్వాత కూటమి కూలింది, జట్టు ఆటలు వేరే ఛానళ్లకు మారాయి. జెండా మాత్రం ఇప్పటికీ శనివారం పొద్దున లక్షల ఇళ్లలో కనిపిస్తోంది, ఏ వీక్షకుల లెక్కలోకీ రాకుండా.